తిండి తగ్గించినా దిగని కొలెస్ట్రాల్: మా ఇంట్లో తెలిసిన సంగతి

మీరు రాసింది ఇదీ: వయసు 34, బరువు 61 కిలోలు, మాంసం ముట్టరు. అయినా టోటల్ కొలెస్ట్రాల్ 272, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 196. మీ బాపుకు 46 ఏళ్లకే స్టెంట్ వేశారు. "ఆ లిమిట్లు తెల్లోళ్ల కోసం పెట్టినవి, మన ఒంటికి లెక్క వేరు" అని ఆఫీసులో ఒకాయన చెప్తే, గోలీలు మొదలుపెట్టాలా వద్దా అని ఆగారు.

నేను డాక్టర్ను కాదు. హన్మకొండలో కరెంటు సామాన్ల షాపు ఉంది. కానీ ఈ విషయం మా ఇంట్లో చాలా ఖరీదుకు నేర్చుకున్నాం.

మా బాపుకు రెండు కాళ్ల మడమల వెనక, పైకి పోయే లావు నరం మీద, చింతగింజంత గట్టి గడ్డలుండేవి. చెప్పు కరిచి కాయ కాసిందనుకునేవాళ్లం. 49వ ఏట పొలం గట్టు మీద ఛాతీ పట్టుకుని కూలబడితే, దగ్గర్లో చూపించాం. గ్యాస్ అని సూది వేసి పంపారు. తెల్లారేసరికి లేడు. నాకు 31 ఏళ్లప్పుడు అవే గడ్డలు అదే చోట వచ్చాయి. నేనూ చెప్పులే మార్చాను! వేరే పని మీద పోతే ఒక డాక్టరమ్మ నా నడక చూసి సాక్సులు విప్పమంది. వేలితో నొక్కి, "ఇది కాయ కాదు, కొలెస్ట్రాల్. మీ నాన్నకు కూడా ఉండేవా?" అంది. రిపోర్టు వచ్చేసరికి టోటల్ 310, ఎల్‌డీఎల్ 238.

నాకూ గోలీలంటే టెన్షనే. మూడు నెలలు ఆదివారం మటన్ బంద్, గుడ్డులో పచ్చసొన బంద్, పొద్దున్నే స్టేడియంలో రౌండ్లు. మళ్లీ చూపిస్తే ఎల్‌డీఎల్ 221. అంత కష్టానికి పదిహేడు పాయింట్లు.

ఎందుకంటే ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మనం తినేది కాదు, ఒళ్లే తయారు చేసుకునేది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ కణాల మీదుండే రిసెప్టర్లు పట్టుకుని లోపలికి లాగుతాయి. ఈ సంగతి తేల్చిన అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ రిసెప్టర్ జీన్‌లో తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన కాపీ ఒకటి చెడితే, వాడకు వచ్చే చెత్త ఆటోల్లో సగం రానట్టే. మనం ఇంట్లో చెత్త ఎంత తగ్గించినా వీధిలో కుప్ప పడుతూనే ఉంటుంది. ప్రపంచమంతా కలిపి సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగానికి సగం.

మీ రిపోర్టు మాత్రం అచ్చం నాలాంటిది కాదు. ఎల్‌డీఎల్ 190 దాటింది కాబట్టి ఆ అనుమానం ఉండాల్సిందే. కానీ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనేది మన దక్షిణాసియా వాళ్లలో బాగా కనిపించే వరస. మనిషి సన్నగానే ఉంటాడు, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. దీని వెనక ఒక్క జీన్ కాదు, కొద్దికొద్దిగా తోసే జీన్లు చాలా ఉంటాయి. వాటికి మూడు పూటలా అన్నం, రోజంతా కుర్చీ తోడైతే చాలు. ఇక్కడ మాత్రం తిండి మారిస్తే గట్టి ఫలితమే ఉంటుంది.

ఇక మీ ఆఫీసాయన మాట. లెక్క వేరన్నది నిజమే, కానీ ఉల్టా. చాలా దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియా వాళ్లకు 53, మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59. అమెరికా డాక్టర్ల 2018 మార్గదర్శకాలే దక్షిణాసియా మూలాన్ని ముప్పు పెంచే అంశంగా రాశాయి. మనకు సడలింపు ఎక్కడుంది?

అట్లని జాతి పేరు చూసి మందు రాయరు. లైపోప్రొటీన్ 'ఎ' అని ఇంకో కొవ్వు ఉంది, దాదాపు పూర్తిగా జీన్లే నిర్ణయిస్తాయి. బ్రిటన్‌లో లక్షల మందిని చూస్తే నల్లజాతివాళ్లకు మధ్యస్థంగా లీటరు రక్తంలో 75 నానోమోల్స్, దక్షిణాసియా వాళ్లకు 31, తెల్లవాళ్లకు 19, చైనావాళ్లకు 16 ఉంది. కానీ ఏ గుంపులోనైనా ఐదు ఉన్నవాళ్లూ ఉంటారు, మూడు వందలు దాటినవాళ్లూ ఉంటారు. మీది ఎంతో మీ రక్తమే చెప్పాలి. జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు. మీ బాపు కథ విన్నాక నేనైతే తప్పకుండా చేయించమంటాను.

ఇంకోటి, నాకు బాగా నచ్చిన సంగతి. ఎల్‌డీఎల్‌ను పట్టే రిసెప్టర్లను తగ్గించే పీసీఎస్‌కే9 అనే జీన్ కాపీ ఒకటి పుట్టుకతోనే పనిచేయనివాళ్లు అమెరికా నల్లజాతివాళ్లలో వందకు ఇద్దరు ముగ్గురు ఉన్నారనీ, వాళ్లకు గుండెజబ్బు చాలా అరుదనీ 2006లో తేలింది. దాన్ని చూసే ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు జోరుగా తయారుచేశారు, 2015లో బయటికొచ్చాయి. ఇప్పుడవి ఏ జాతివాళ్లకైనా పనిచేస్తాయి.

మన దగ్గర మేనరికం సంగతి కూడా చూసుకోవాలి. ఇద్దరికీ అదే చెడ్డ కాపీ ఉంటే, పుట్టే పిల్లల్లో ఒక్కొక్కరికి రెండూ వచ్చే అవకాశం నాలుగో వంతు. అట్లాంటి పిల్లలకు చిన్నప్పుడే గుండెపోటు రావచ్చు. నా చెల్లె కూతురిని మా తమ్ముడి కొడుక్కి అనుకుంటున్నప్పుడు నేనే ఇద్దరికీ టెస్టు చేయించమన్నాను. చెల్లె నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు కొలెస్ట్రాల్ తగ్గించే గోలీలు అటోర్వాస్టాటిన్ 40, ఎజెటిమైబ్ రాశారు. ఎల్‌డీఎల్ ఇప్పుడు 96. మీకేం రాయాలో కార్డియాలజిస్టు చెప్తాడు. ముందు థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకోండి, అవి తేడాగా ఉన్నా ఈ అంకెలు పెరుగుతాయి. తోబుట్టువులకు కూడా లిపిడ్ ప్రొఫైల్ (ఈ కొవ్వులన్నీ చూసే రక్తపరీక్ష) చేయించండి, పిల్లలుంటే వాళ్లకూ. ఈ రాత్రి మీ బాపు మడమల వెనక ఒకసారి చెయ్యి పెట్టి చూసి, ఏమున్నా లేకున్నా ఇక్కడ రాయండి.