అమ్మానాన్నలతో కరీబియన్ క్రూయిజ్: ఎమర్జెన్సీ సొమ్ము తీయవచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా. నా భార్యది దాని మీద ఆధారపడే హెచ్-4, తను ఉద్యోగం చేయడం లేదు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, ఒకడికి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. సెప్టెంబరులో ఖమ్మం నుంచి అమ్మానాన్న వస్తున్నారు, డిసెంబరులో నాన్నకి అరవై నిండుతాయి. ఆ సందర్భంగా నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వారంలో గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల క్రూయిజ్ చూశాం. కోజుమెల్, రోటాన్, బెలీజ్ వెళ్తుంది. ఆరుగురికి రెండు గదులు, 6,300 డాలర్లు. బ్యాంకులో ఎమర్జెన్సీకని దాచినవి 14,000 ఉన్నాయి. నెల ఖర్చు 5,800 పోగా 550 దాకా మిగులుతుంది. బ్యాంకులోంచి తీయాలా, 12 నెలలు వడ్డీ లేని కార్డు మీద వేయాలా? పాస్‌పోర్టులో నా వీసా స్టాంపు గడువు నిరుడే తీరిపోయింది, ఇక్కడ ఉండటానికి హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ మాత్రం వచ్చింది.

జవాబు: రెండూ వద్దండీ. కానీ అమ్మానాన్నల్ని మాత్రం ఓడ ఎక్కించండి. ఎలాగో చెప్తాను.

మీ ప్రశ్నలో డబ్బు కంటే ముందు తేల్చాల్సింది చివరి వాక్యంలో ఉంది. స్టాంపింగ్ గడువు తీరిన హెచ్-1బి వాళ్లు కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) చెల్లుబాటులో ఉంటే, కొత్త స్టాంపు లేకుండానే మళ్లీ అమెరికాలోకి రావచ్చు. దీన్నే ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు. మీ ఆవిడ హెచ్-4కీ ఇదే వర్తిస్తుంది. ఈ వెసులుబాటు మీకు మెక్సికో దాకే. కోజుమెల్ మెక్సికోదే. రోటాన్ ఉన్నది హోండురాస్‌లో. బెలీజ్ ఇంకో దేశం. మీరు చూసిన ఓడ ఆ రెండు చోట్లా ఆగుతుంది కాబట్టి మీకు ఈ సదుపాయం అందదు. పోర్టులో కాగితాలు చూసేవాళ్లు మిమ్మల్ని ఆపేస్తే, అమ్మానాన్నల్నీ పిల్లల్నీ పక్కన పెట్టుకుని సూట్‌కేసులతో వెనక్కి రావాలి. కాగితాలు సరిగ్గా లేక ఎక్కలేకపోతే టికెట్టు డబ్బు తిరిగి రాదు. 6,300 ఒక్క ఉదయంలో పోతాయి.

కాబట్టి మెక్సికో రేవుల్లో మాత్రమే ఆగే ఓడ చూడండి. గాల్వెస్టన్ నుంచి 5 రాత్రుల ప్రయాణాలు చాలావరకు అలాంటివే, కోజుమెల్‌తో పాటు ప్రొగ్రేసో గానీ కోస్టా మాయా గానీ ఉంటాయి. అప్పుడు కూడా డిపాజిట్ కట్టేముందు రెండు పనులు చేయండి. మీ ఇమిగ్రేషన్ లాయరుకి ఆ రేవుల జాబితా పంపి అడగండి. మెక్సికో వాళ్లు భారతీయులకు వీసా అడగకపోవడం అనేది చెల్లుబాటయ్యే అమెరికా వీసా చేతిలో ఉన్నవాళ్ల మాట. అమ్మానాన్నలకి బి-2 విజిటర్ వీసా ఉంది కాబట్టి ఆ బెంగ లేదు, మీ స్టాంపు తీరిపోయింది. అందుకని క్రూయిజ్ కంపెనీకీ హ్యూస్టన్‌లోని మెక్సికో కాన్సులేట్‌కీ ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో ఎవరో "ఏం ఫర్వాలేదు సార్" అన్నదాన్ని నమ్మి డబ్బు కట్టకండి.

ఇక లెక్క. 2024 జులైలో, తప్పనిసరి ఫీజులు కలిపే ధర చూపాలన్న కాలిఫోర్నియా చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు పోర్టు ఫీజులు, టాక్సులు కలిపే ధర చూపిస్తున్నాయి. అంటే మీ 6,300లో అవి వచ్చేశాయి. రానివి చూద్దాం. గ్రాట్యుటీ, అంటే సిబ్బందికిచ్చే టిప్పు, మనిషికి రోజుకి 18.50 చొప్పున వేసుకోండి. నాలుగేళ్ల పాపకీ పడుతుంది. ఆరుగురికి 7 రోజులకి 777. రెండు ఫోన్లకి వైఫై 280. పోర్టు పార్కింగ్ 160. ఫ్రిస్కో నుంచి గాల్వెస్టన్ దాదాపు ఐదు గంటల డ్రైవ్, పెద్దవాళ్లతో ముందురోజే వెళ్లి పడుకోవడం మంచిది, హోటల్‌కి 150. పెట్రోలు, దారి తిండి 150. రేవుల్లో దిగి తిరగడానికి 360. ఇన్సూరెన్సు 400. మొత్తం 8,577. టికెట్టు మీద మరో 2,277 డాలర్లన్నమాట. ఇందులో కూల్‌డ్రింకుల ప్యాకేజీ లేదు, ఫొటోలు లేవు, స్పెషల్ రెస్టారెంట్లు లేవు.

వడ్డీ లేని కార్డు సంగతి ఇక్కడే తేలిపోతుంది. నెలకి 550 చొప్పున 12 నెలలు కడితే 6,600 తీరుతుంది. పదమూడో నెలకి ఇంకా 1,977 మిగిలి ఉంటుంది, దాని మీద 20 శాతం పైచిలుకు వడ్డీ మొదలవుతుంది. పైగా ఆ ఏడాదంతా మీరు పైసా దాచలేరు.

ఎమర్జెన్సీ సొమ్ము ఎందుకు ముట్టుకోవద్దంటున్నానో మీకు నేను చెప్పక్కర్లేదేమో, అయినా చెప్తాను. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే దేశంలో ఉండనిచ్చే గడువు, ఉంటుంది. ఆ రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, కుదరకపోతే ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మి, నలుగురికి టికెట్లు కొనాలి. మీ ఇంట్లో సంపాదన ఒక్కటే. మీ 14,000 ఇప్పుడే రెండున్నర నెలలకి సరిపోదు. అందులోంచి 8,577 తీస్తే మిగిలేది 5,423, ఒక నెలకి కూడా చాలదు. ఆ స్థితిలో ఉన్న కుటుంబాలతో నేను కూర్చుని మాట్లాడాను. అప్పుడు వాళ్లు అడిగేది పెట్టుబడుల గురించి కాదండీ, అపార్ట్‌మెంట్ లీజు ఎలా బ్రేక్ చేయాలి అని.

అందుకే నా ప్లాను ఇది. థాంక్స్‌గివింగ్ వారం వదిలేసి డిసెంబరు మొదటి రెండు వారాల్లో 5 రాత్రుల ఓడ పట్టుకోండి. పండగ రద్దీ ఉండదు. నవంబరు 30తో హరికేన్ సీజన్ ముగుస్తుంది. నాన్నగారి పుట్టినరోజూ దగ్గర్లోనే ఉంటుంది. బాబుకి మూడు నాలుగు రోజులు బడి పోతుంది, టీచరుతో ముందే మాట్లాడుకుంటే చాలు. టికెట్టు ఆరుగురికీ కలిపి 3,000 దాటితే ఆ వారం కాదని ఇంకో వారం చూడండి. గ్రాట్యుటీ 555, ఇన్సూరెన్సు 350, పార్కింగ్ 120, హోటల్ 150, పెట్రోలు, తిండి 120, కోజుమెల్‌లో తిరగడానికి 250, ఒక ఫోన్‌కి వైఫై 100. అన్నీ కలిపి 4,645.

ఇప్పుడు మార్చి. ఈ నెల నుంచే 550 వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి. 5 రాత్రులు, అంతకు మించిన ప్రయాణాలకి సాధారణంగా ఓడ బయల్దేరడానికి 90 రోజుల ముందే పూర్తి సొమ్ము కట్టాలి, అంటే సెప్టెంబరు మొదట్లో. ఆగస్టు చివరికి ఆరు నెలల పొదుపు 3,300 అవుతుంది. డిపాజిట్ కూడా అందులోంచే కట్టండి. టికెట్టూ, ఇన్సూరెన్సులో చాలా భాగమూ దాంతో తీరతాయి. ఆ తర్వాత మూడు నెలల్లో వచ్చే 1,650 మిగతా ఖర్చులకి. 4,950లో 305 చేతిలో మిగులుతాయి. ఎమర్జెన్సీ ఖాతా జోలికి వెళ్లాల్సిన పనే రాదు. డిపాజిట్ కట్టేటప్పుడు కొన్ని డాలర్లు ఎక్కువైనా రిఫండ్ వచ్చే రకమే తీసుకోండి, మీ వీసా పరిస్థితిలో అది తప్పనిసరి. పూర్తి సొమ్ము కట్టేదాకా వారానికోసారి ధర చూస్తుండండి. తగ్గితే ఫోన్ చేసి తగ్గించమని అడగొచ్చు. నాకు ఒకసారి అలా 240 డాలర్లు వెనక్కొచ్చాయి.

ఇన్సూరెన్సు మీద మాత్రం పొదుపు వద్దు. మూడేళ్ల క్రితం నేను మా అమ్మని తీసుకెళ్లాను. రెండో రోజు పొద్దున పైడెక్కు మీద రెయిలింగ్ పట్టుకుని, కొంగు గాలికి ఎగరకుండా నడుముకి బిగించుకుని, "చుట్టూ నీళ్లే, గట్టు కనపడదేమే" అంటూ గంటసేపు కదల్లేదు. ఆ మధ్యాహ్నం కళ్లు తిరిగి కూలబడింది. బీపీ మాత్ర వేసుకోలేదు. మాత్రలు పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి, ముందురోజు సాయంత్రం అది గదికి చేరాక ఎవరూ తెరవలేదు. ఓడలో డాక్టరు రెండు గంటలు సెలైన్ పెట్టి, ఈసీజీ తీసి, బాగా చూశారు. బిల్లు 870 డాలర్లు. ఓడలో డాక్టరు ఫీజు కూడా మన గది ఖాతాకే పడుతుంది, ముందు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. మేము తీసుకున్న పాలసీ ఓడ ప్రయాణానికీ వర్తించేది కాబట్టి డబ్బు తిరిగొచ్చింది.

అమ్మానాన్నలకి మీరు ఎలాగూ విజిటర్ ఇన్సూరెన్సు తీసుకుంటారు. అది అమెరికా నేల మీద వైద్యానికేనా, సముద్రం మీదా మెక్సికోలోనూ పనిచేస్తుందా అన్నది పాలసీ కాగితంలో చదవండి. చాలావాటిలో పరిమితులుంటాయి. పాత జబ్బులకి వర్తిస్తుందా, అత్యవసరంగా ఓడ దింపి ఆసుపత్రికి చేర్చే ఖర్చు ఉందా, ఈ రెండూ చూడండి. ఆ రెండోది వేల డాలర్లలో కాదు, పదుల వేలల్లో ఉంటుంది. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి.

ఓడలో డబ్బు కంటికి కనపడదు. అన్నిటికీ గది కార్డే, మొదటి రోజే దానికి మన కార్డు ముడిపెడతారు. అక్కడ డెబిట్ కార్డు ఇవ్వకండి, వాళ్లు పెట్టే హోల్డు మీ ఖాతాలో అసలు సొమ్మునే ఆపేస్తుంది. క్రెడిట్ కార్డు ఇచ్చి దిగాక పూర్తిగా కట్టేయండి. బాబు కార్డుకి ఖర్చు చేసే వీలు తీసేయించండి. మా వాడు ఆర్కేడ్‌లో బొమ్మలు పట్టే మిషన్ల ముందు ఒక్క మధ్యాహ్నంలో 84 డాలర్లు గీకాడు. నాన్నగారి ఫోన్ ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడ మీది మొబైల్ నెట్‌వర్క్‌కి తగులుకుంటే ఖమ్మం నుంచి వచ్చిన ఒక్క కాల్‌కే బిల్లు మోగిపోతుంది.

తిండికి బెంగ అక్కర్లేదు, దానికి అదనపు ఖర్చూ లేదు. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్పండి. మాకు మంగళూరాయన తగిలారు. మర్నాడు రాత్రి అమ్మ ముందు అన్నం, పప్పు, బంగాళాదుంపల వేపుడు పెట్టించి, పక్కన పచ్చిమిరపకాయ చీరి ఉంచారు. అమ్మ ఆయన్ని నిలబెట్టి పిల్లలెందరని అడిగింది. టికెట్టు ధరలోనే వచ్చిన భోజనం అది.

పిల్లలిద్దరికీ పాస్‌పోర్టులు చేయించండి. అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగే ప్రయాణానికి ఇక్కడ పుట్టిన పిల్లలకి బర్త్ సర్టిఫికెట్టు సరిపోతుంది. కానీ కోజుమెల్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోక విమానంలో వెనక్కి రావాల్సొస్తే పాస్‌పోర్టు కావాలి. రెండు గదులూ పక్కపక్కనే, ఓడ మధ్యభాగంలో, లిఫ్టుకి దగ్గరగా అడగండి. మధ్యలో ఊపు తక్కువ, అమ్మగారికి నడకా తగ్గుతుంది. లోపలి గదులే తీసుకోండి, బాల్కనీకి పెట్టే డబ్బుతో కోజుమెల్‌లో ఆరుగురికీ టాక్సీ అవుతుంది. లాయరు జవాబు వచ్చాక రేవుల జాబితాతో మళ్లీ రాయండి, డిపాజిట్ షరతులు కలిసి చదువుదాం.