మధ్యయుగానికి ఆ తేదీలు ఎవరు పెట్టారు?

ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలని బడిలో చదువుకుంటాం. మధ్యయుగం 476లో మొదలైందని ఎవరు తేల్చారన్నది ప్రశ్న.

తర్వాతి తరాల పండితులే తేల్చారు. ఆ కాలంలో బతికినవాళ్లెవరూ తాము 'మధ్య'లో ఉన్నామనుకోలేదు. 14వ శతాబ్దపు ఇటలీ కవి పెట్రార్క్, రోమ్ వైభవం పోయాక వచ్చిన కాలాన్ని చీకటితో పోల్చాడు. 17వ శతాబ్దం చివర్లో జర్మన్ పండితుడు సెల్లారియస్ రాసిన పాఠ్యపుస్తకాలతో మూడు యుగాల లెక్క బాగా వ్యాపించింది.

476లో జర్మానిక్ సేనాని ఒడోయేసర్ పశ్చిమ రోమన్ చక్రవర్తి రోములస్ అగస్టులస్‌ను గద్దె దించాడు. అయితే కాన్‌స్టాంటినోపుల్ కేంద్రంగా తూర్పు రోమన్ సామ్రాజ్యం 1453 దాకా నిలిచింది! మధ్యయుగం ముగింపుగా కొందరు ఆ 1453నే తీసుకుంటారు, కొందరు కొలంబస్ ప్రయాణం మొదలైన 1492ను.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, ఇవి యూరప్ కోసం గీసిన గీతలు. మనకు 476 అంటే ఆర్యభటుడు పుట్టిన ఏడాది, ఇక్కడ ఏ యుగమూ అప్పుడు ముగిసిపోలేదు. మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ కాలాలుగా విడగొట్టింది బ్రిటిష్ చరిత్రకారుడు జేమ్స్ మిల్, 1817లో, భారత్‌లో అడుగుపెట్టకుండానే. మొదటి రెండింటికీ మతం పేరు, మూడోదానికి మాత్రం దేశం పేరు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.