పేలని మిలిటరీ తుపాకీ రెప్లికాకి 300 డాలర్లు పెట్టొచ్చా?

మీరు అడిగింది, అమెరికాలో ఉంటూ జర్మన్ల ఎంపీ40 సబ్‌మెషిన్‌గన్, అమెరికన్ల ఎం1 గారండ్ రైఫిల్ లాంటి రెండో ప్రపంచ యుద్ధం తుపాకుల పేలని రెప్లికాలకి 200, 300 డాలర్లు పెట్టడం దండగా కాదా అని. కొన్నేళ్లుగా వీటిని కొంటున్నవాడిగా సూటిగా చెప్తాను: ఎంపీ40కి పెట్టేయండి, గారండ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. రెండు రెప్లికాలదీ ఒకే కంపెనీ, ఒకే లోహం, దాదాపు ఒకే ధర అయినా సరే. రెప్లికా ఖరీదా చవకా అన్నది దాని పక్కన అసలు తుపాకీ ధర పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

అసలు ఎంపీ40 చట్టం లెక్కలో మెషిన్‌గన్. 1986 మే తర్వాత కొత్త మెషిన్‌గన్లని మామూలు జనం పేరు మీద రిజిస్టర్ చెయ్యడం లేదు, అంతకుముందు రిజిస్టరైనవే చేతులు మారుతున్నాయి, అందుకే ఒక్కోటి పదుల వేల డాలర్లు పలుకుతుంది. ఆ పైన ఫెడరల్ అనుమతి, వేలిముద్రలు, 200 డాలర్ల పన్ను. అమెరికన్ సబ్‌మెషిన్‌గన్ థామ్సన్‌దీ ఇదే కథ. అసలుది ఈ జన్మకి కొననని తెలిసినప్పుడు, చేతిలో పట్టుకుంటే నాలుగు కిలోల దరిదాపుల్లో బరువు తూగుతూ, బోల్ట్ వెనక్కి లాగితే స్ప్రింగ్ ఎదురుతన్నేది 250కి వస్తోందంటే నాకైతే ఖరీదు అనిపించదు.

గారండ్ సంగతి వేరు. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ సైన్యం దగ్గర మిగిలిన అసలు గారండ్లని పౌరులకి అమ్ముతుంది, గ్రేడ్‌ని బట్టి వెయ్యి డాలర్ల అటూఇటూగా. నిజంగా సైన్యం వాడిన ఉక్కు, కలప ఆ ధరకి దొరుకుతుంటే జింక్ బొమ్మకి 300 ఎందుకు? ఇంకో మూడు నెలలు ఓపిక పడితే అసలుదే ఇంటికొస్తుంది కదా. రష్యన్ రైఫిల్ మోసిన్ నాగాంట్ అయితే 2010 ప్రాంతంలో వంద డాలర్లకే దొరికేది, అప్పట్లో దాని రెప్లికా ఎవరైనా కొంటే నవ్వేవాళ్లు. ఇప్పుడు అది 400 దాటింది, ఎవరూ నవ్వట్లేదు.

కానీ మీరు వీసా సంగతి రాయలేదు. మనవాళ్లలో ఎక్కువమంది హెచ్1బీ మీదే ఉంటారు కాబట్టి చెప్తున్నా. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు అసలు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌ని అడగండి, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉండి ఈ సరదా కోసం టెన్షన్ తెచ్చుకోవద్దు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు మామూలు తుపాకీ కొనొచ్చు కానీ పైన చెప్పిన సంస్థ గారండ్‌కి పౌరసత్వం అడుగుతుంది. అంటే మీరు హెచ్1బీ అయితే నేను గారండ్ గురించి వేసిన లెక్క తిరగబడుతుంది, పేలని రెప్లికా ఒక్కటే మీకు తెరిచి ఉన్న దారి, అప్పుడు ఆ 300 న్యాయమైన ధరే.

ఒక్కటే అనకూడదేమో, ఇంకో దారి ఉంది. 1898లోగానీ అంతకుముందుగానీ తయారైన తుపాకీ ఫెడరల్ చట్టం దృష్టిలో ఫైర్‌ఆర్మ్ కాదు, యాంటిక్. లుడ్విగ్ లోవే కంపెనీ బెర్లిన్‌లో చిలీ సైన్యం కోసం చేసిన 1895 మోడల్ మౌజర్ రైఫిళ్లు ఆ కోవలోకి వస్తాయి. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉండొచ్చు, అవి చూసుకోవాలి. సరైన కాగితాలతో వచ్చిన అలాంటి మౌజర్ ఒక్కటి గోడ మీద ఉంటే మిగతా రెప్లికాలన్నీ వెలవెలబోతాయి.

ఇప్పుడు వస్తువు సంగతి. ఈ ధరలో దొరికేవాటిలో ఎక్కువ స్పెయిన్‌లోని మెనోర్కా దీవిలో ఉన్న డెనిక్స్ కంపెనీవి. పిస్టళ్లు వంద డాలర్ల చుట్టూ, రైఫిళ్లు 200 నుంచి 350 దాకా. లోహం ఉక్కు కాదు, జింక్ మిశ్రమం, అయస్కాంతం పెడితే అంటుకోదు. దూరం నుంచి, అద్దాల అల్మారాలో, చాలా బాగుంటాయి. దగ్గరికొస్తే అసలులో లేని స్క్రూలు కనిపిస్తాయి, కలప మీద రంగు కాస్త ఎర్రగా ఉంటుంది, కలెక్టర్లు వెతికే ఫ్యాక్టరీ ముద్రలు ఉండవు. వాళ్లు పొదుపు చేసేది అక్కడే, కాబట్టి కొనేముందు ఫొటోలు పెద్దవి చేసి ముద్రలుండే చోట చూడండి. అమెరికా సైన్యం వాడిన 1911 అనే మోడల్ పిస్టల్‌లో విప్పి బిగించుకునే రకం కూడా ఉంది, పది డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి, యంత్రం ఎలా పనిచేస్తుందో వేళ్లకి తెలియకపోతే ఈ సరదాలో మిగిలేదేముంది.

జింక్‌తో అసలు చిక్కు, సన్నటి భాగాలు వంగవు, విరుగుతాయి. హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే ముందుకి కొట్టే ముక్క), సేఫ్టీ మీట, మ్యాగజైన్ పట్టే కొక్కెం, ఇవే ముందు పోయేవి. నా దగ్గరున్న ఒక పిస్టల్ హ్యామర్, చుట్టాల పిల్లలు అదేపనిగా టకటకలాడిస్తే విరిగింది. మామూలు వెల్డింగ్ షాపువాడు జింక్ ముట్టుకోనన్నాడు, ఎపాక్సీతో అతికిస్తే నిలబడింది గానీ ఇక అల్మారాకే పరిమితం. పాతది కొనేటప్పుడు ఈ చోట్ల వెంట్రుకంత గీత ఉందేమో టార్చ్ వేసి చూడండి.

జపాన్ మోడల్‌గన్ల గురించి, అంటే అక్కడ తయారయ్యే పేలని నమూనా తుపాకుల గురించి కూడా అడిగారు. అక్కడ 1971లో వచ్చిన చట్టం వల్ల లోహంతో చేసిన పిస్టళ్లకి తెలుపో పసుపో రంగు ఉండాలి, గొట్టం మూసెయ్యాలి. 1977లో ఇంకా బిగించారు. అందుకే నల్లటి జపాన్ పిస్టల్ కనిపిస్తే అది ప్లాస్టిక్, లేదా లోహపు పొడి కలిపిన ప్లాస్టిక్ అనుకోండి. పనితనం మాత్రం డెనిక్స్‌కి అందనంత ఎత్తులో ఉంటుంది. షోయీ అనే జపాన్ కంపెనీ చేసే జర్మన్ తుపాకుల నమూనాలు వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటాయి. ఆ డబ్బుంటే నేనైతే బ్రిటిష్ వాళ్ల అసలు స్టెన్ గన్ విడిభాగాలని డమ్మీ రిసీవర్‌కి (పేలకుండా చేసిన ఉత్తుత్తి నడిమి భాగానికి) బిగించి అమ్మేవి కొంటాను. పేలవు, కానీ చేతికి తగిలేది యుద్ధకాలపు ఇనుమే, ధర కూడా నిలబడుతుంది. జింక్‌వి తిరిగి అమ్మితే సగం వస్తే గొప్ప. పెట్టుబడి అనే మాట ఎత్తే అమ్మకందారు దగ్గర కొనకండి.

ఈ రెప్లికాలకి గొట్టం ముందు భాగంలో నారింజ రంగు బిరడా ఉంటుంది, ఫెడరల్ నిబంధన అది. 1898కి ముందు మోడళ్ల రెప్లికాలకి మినహాయింపు. అందం పాడవుతోందని పీకేసేవాళ్లున్నారు. 2014లో క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ల టమీర్ రైస్‌ని పోలీసులు కాల్చి చంపినప్పుడు ఆ పిల్లాడి దగ్గరున్నది నారింజ ముక్క ఊడిపోయిన ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్. కారులో తీసుకెళ్లాల్సి వస్తే పెట్టెలో పెట్టి, డిక్కీలో. పార్కులో ఫొటోషూట్ అసలే వద్దు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో రంగుల మీద ఇంకా గట్టి నియమాలున్నాయి, ఆర్డర్ పెట్టేముందు మీ రాష్ట్రం చూసుకోండి.

ఇండియాలో బావమరిదికి త్రీనాట్‌త్రీ రెప్లికా పట్టుకెళ్దామనుకుంటున్నానని చివర్లో రాశారు. వద్దు. క్యాబిన్‌లోకి బొమ్మ తుపాకీ కూడా రానివ్వరు, చెకిన్ బ్యాగులో పెట్టి ఇక్కడ గట్టెక్కినా శంషాబాద్ కస్టమ్స్‌లో స్కానర్ మీద అది రైఫిల్‌లాగే కనిపిస్తుంది. ఆయనకి ఫోన్ కొనివ్వండి.