ముందు వాళ్లు చూసిందేమిటో కనుక్కో

తమ్ముడికి,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. భాష హాయిగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. గ్రహణం వ్యాసం గురించే నీకు ఎక్కువ చెప్పాలి. గ్రహణం వేళ రోకలి నిలబెట్టేవాళ్లను మూఢనమ్మకాల్లో మునిగిపోయినవాళ్లని ఒక్క ముక్కలో తోసేశావు. నీ పాఠకుల్లో చాలామంది, ఇంట్లో అమ్మమ్మ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం కళ్లారా చూసినవాళ్లే. అది నిజంగానే నిలబడింది. వాళ్ల కళ్లనే నువ్వు కాదంటే ఇక నీ మాట ఎవరు వింటారు?

నిలబడిందని ఒప్పుకుని అక్కడే మొదలుపెట్టు. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది. దాంతో అడుగు చదునుగా ఉంటుంది, కింది భాగానికి బరువూ వస్తుంది. రోకలి గరిమనాభి, అంటే దాని బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కగట్టే బిందువు, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత ఆ చదును అడుగు దాటి బయటికి పోనంతవరకూ రోకలి పడదు. ఓపిగ్గా నిలబెడితే ఏ గ్రహణమూ లేని రోజునా నిలబడుతుంది, నీళ్లతో పనే లేదు. మిగతా రోజుల్లో ఎవరూ ప్రయత్నించరు కాబట్టే దానికీ గ్రహణానికీ ముడిపడింది. "సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి లాగుతారు కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, దానికి జవాబు రాయి. దాదాపు అదే వరస ప్రతి అమావాస్యకూ ఉంటుంది, సముద్రంలో పోటు హెచ్చేది అందుకే. కానీ రోకలిని పట్టి నిలబెట్టేంత బలం ఆ లాగుడుకు లేదు. ఇదంతా చెప్పాక, వచ్చే ఆదివారం ఇంట్లో రోకలి నిలబెట్టి చూడమని రాయి. నువ్వు పది పేజీల్లో చెప్పలేనిది ఆ రోకలి చెప్తుంది.

అసలు భయపడాల్సిన విషయం మాత్రం నీ వ్యాసంలో లేదు. సూర్యగ్రహణాన్ని నేరుగా చూస్తే కంటి లోపల వెనకవైపున్న పొర, రెటీనా, దెబ్బతింటుంది. రెటీనాకు నొప్పి తెలియదు, కాబట్టి చూస్తున్నప్పుడు ఏమీ అనిపించదు. ఇది రాయకపోతే వ్యాసం పూర్తయినట్టు కాదు.

జ్వరం మీద రాసినదాంట్లోనూ ఇదే ఇబ్బంది. జ్వరమంటే ఒంట్లో వేడి పెరగడం అని రాసి ఊరుకున్నావు. జ్వరం వచ్చినవాడికి తెలిసింది వేడి కాదు, చలి. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతుంటాయి. పక్కనున్నవాళ్లు చెయ్యి వేసి చూస్తే ఒళ్లు కాలిపోతుంటుంది. అందరింట్లోనూ కనిపించే ఈ వింతను వదిలేశావు. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని ఒక మట్టంలో ఉంచుతుంది. ఏసీకి డిగ్రీలు పెట్టినట్టే అనుకో. సూక్ష్మజీవులు చొరబడినప్పుడు రక్షణ కణాలు పంపే రసాయనాలు ఆ మట్టాన్ని 98.6 నుంచి, మాటవరసకు, 102కి పెంచుతాయి. అప్పటికి ఒళ్లు 99 దగ్గరే ఉంది, అంటే మెదడు లెక్కలో చల్లగా ఉన్నట్టు. అందుకే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని చేతులూ కాళ్లూ చల్లబడతాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. పారాసిటమాల్ ఆ మట్టాన్ని దించుతుంది. దించగానే పెరిగిన వేడి ఎక్కువైనట్టు లెక్క, దాన్ని వదిలించుకోడానికి చెమట పడుతుంది. "చెమట పట్టింది, జ్వరం దిగుతోంది" అని మన అమ్మలు అనేది సరిగ్గా ఇదే. వాళ్లకా గౌరవం ఇస్తూ రాయి. వణుకుతో వచ్చే జ్వరం మలేరియా కూడా కావచ్చు, రక్తపరీక్ష చేయించుకోవాలి అన్న మాటా చేర్చు. ఆరోగ్యం మీద రాసేవాడికి ఆ బాధ్యత ఉంది.

అంతరిక్షం వ్యాసంలో ఒక తప్పుంది, దిద్దుకో. అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి వ్యోమగాములు తేలుతారని రాశావు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో. నేల మీది ఆకర్షణలో 90 శాతం దాకా అక్కడా ఉంటుంది. లేకపోతే 3,84,000 కిలోమీటర్ల దూరంలోని చంద్రుణ్ని భూమి ఎలా పట్టి ఉంచుతుంది? ఆ కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి ఎప్పుడూ కిందికి పడుతూనే ఉన్నారు. కానీ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకూ పోతుండడంతో, వాళ్లు పడేకొద్దీ కింద భూమి కూడా వంగిపోతూ ఉంటుంది, అందుకే నేలను తాకరు. కేంద్రమూ మనుషులూ ఒకేలా పడుతుండడంతో లోపల తేలుతున్నట్టు ఉంటుంది. ఒక చుట్టు పూర్తవడానికి గంటన్నర. టెన్షన్ పడకు, ఈ పొరపాటు చాలా పుస్తకాల్లోనే ఉంది.

జవాబు ఇంకా తేలని చోట తేలలేదనే రాయి. పొద్దువాలాక ఉదయించే పున్నమి చంద్రుడు పెద్దగా కనబడతాడు. చెయ్యి చాచి చిటికెన వేలి గోరు అడ్డం పెట్టి చూస్తే, నడినెత్తిన ఉన్నప్పుడు ఎంతో అప్పుడూ అంతే. మరి మెదడు ఎందుకు అలా పొరబడుతోందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ సంగతి చెబితే పాఠకుడికి నీ మీద నమ్మకం తగ్గదు.

గ్రహణం వ్యాసమే ముందు తిరగరాసి పంపు. ఆ తర్వాత సంక్రాంతి మీద ఒకటి రాయి. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో 15.2 కోట్లకు దూరమవుతుంది. అంత దగ్గరున్నప్పుడు మనం భోగిమంట ఎందుకు కాచుకుంటున్నాం? భూమి అక్షం వంపు గురించి రాసేముందు, ఈ ప్రశ్న మీ ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లేమంటారో విను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య