మచ్చ ఫొటో సరే, ట్యూబు ఫొటో ఏదీ?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 31. అనకాపల్లిలో ఆటో నడుపుతాను. గజ్జల్లో, నడుం చుట్టూ ఎర్రగా వచ్చి ఒకటే దురద. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే వారంలో మళ్లీ మొదలు. ఏడాదిగా ఇదే వరస. మూడు ఫొటోలు పంపుతున్నాను. ఇది తామరేనా? ఏ మందు రాసుకోవాలి?

జవాబు: తామరే అని నా అనుమానం. కానీ ఫొటోలో తామర గుర్తులు సరిగ్గా లేవు, దానికి కారణం మీ ట్యూబే అయ్యుండాలి.

మందు తగలని తామర గుండ్రంగా ఉంటుంది. అంచు ఎర్రగా ఉబ్బి, సన్నగా పొట్టు లేస్తుంది, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. మీ ఫొటోలో ఆ అంచు చెరిగిపోయింది. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. రెండో ఫొటోలో గజ్జల దగ్గర చర్మం పలచబడి, సన్నటి చారలు పడ్డాయి చూడండి. అవి ఫంగస్ పని కాదు. స్టెరాయిడ్ పూత ఎక్కువ కాలం వాడితే అలాంటి చారలు పడతాయి. ఫంగస్ పోయినా ఆ చారలు పూర్తిగా పోవు.

స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ అణుస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. పైగా దాన్ని ఎదుర్కొనే శక్తి చర్మానికి తగ్గిపోతుంది. అందుకే రెండు రోజులు హాయి, ఆ తర్వాత ఇంకొంచెం పెద్ద మచ్చ.

మీరు మచ్చవి మూడు ఫొటోలు పంపారు, ట్యూబుది ఒక్కటీ లేదు. నాకు ముందు కావలసింది అదే. మందు పేరు అడిగితే మా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ‘తెల్ల ట్యూబండీ, నీలం మూత’ అంటారు. నీలం మూతవి నా టేబులు సొరుగులోనే అరడజను ఉన్నాయి! ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. పక్కనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపేసి ఉంటాయి చాలాసార్లు. ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఎంతవరకు అమలవుతోందో మీ ఉత్తరమే చెబుతోంది.

ఇంకొన్ని సంగతులు కావాలి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? రాత్రి పడుకున్నాకే ఎక్కువై, వేళ్ల సందుల్లో కూడా ఉంటే గజ్జిని అనుమానించాలి. తువ్వాలు అందరిదీ ఒకటేనా? ఎప్పుడైనా షుగర్ పరీక్ష చేయించారా? చెమటతో తడిసిన జీన్స్‌తో రోజంతా సీట్లో కూర్చుంటారా? తల్లోగానీ మోచేతుల మీదగానీ మందంగా పొట్టు లేచే మచ్చలున్నాయా? ఉంటే సోరియాసిస్ సంగతీ చూడాలి, అది గజ్జల్లోనూ వస్తుంది.

ఇన్ని అడిగాక కూడా పరీక్ష మానను. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ దారాలు కొమ్మలు వేసి కనిపిస్తాయి. ఎక్కువ సేపు పట్టదు, ఖర్చూ తక్కువే. వచ్చేటప్పుడు మాత్రం ఏ పూతా రాసుకుని రాకండి, ట్యూబు డబ్బాతో సహా తీసుకురండి. మందు వారాల తరబడి వాడాలి, దురద తగ్గిందని మధ్యలో ఆపేయకూడదు. మన దేశంలో ఇప్పుడు టెర్బినఫిన్ అనే ఫంగస్ మందుకు సరిగా లొంగని తామర కూడా బాగా కనిపిస్తోంది. అందుకే మాత్ర పేరు ఇక్కడ రాయడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. నుదుటి మీద తెల్లమచ్చ వచ్చింది. సంబంధాలు చూస్తున్నాం. బొల్లి అంటున్నారు అందరూ. పెరుగు, చేపలు మాన్పించాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు పిల్లకు పెరుగూ చేపలూ పెట్టండి. వాటికీ తెల్లమచ్చకూ సంబంధం లేదు.

మచ్చ సరిగ్గా కనుబొమల మధ్య, బొట్టుబిళ్ల అంతే ఉందా? అలాగైతే నా అనుమానం బిళ్ల వెనక జిగురు మీద. కొన్ని జిగుర్లలో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. ఎన్నేళ్లుగా స్టిక్కర్ పెడుతోంది? తెల్లబడకముందు అక్కడ దురద పెట్టిందా? పాదాల మీద హవాయి చెప్పుల పట్టీ ఆనేచోట కూడా తెలుపు ఉందా? ఆ రబ్బరులోని రసాయనాలతోనూ ఇలాగే జరుగుతుంది. పెదవులు, వేళ్ల కొసలు, మోకాళ్ల దగ్గర కూడా మచ్చలుంటే మాత్రం నిజంగా బొల్లి కావచ్చు.

కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. చర్మాన్ని పరీక్షించే అతినీలలోహిత దీపం (వుడ్స్ దీపం) కింద పెట్టినా రెండూ తెల్లగా మెరుస్తాయి. కాబట్టి అమ్మాయి చెప్పే సమాధానాలే తేల్చాలి. దగ్గరికి రావలసింది తనే, పక్కింటివాళ్లు కాదు.

స్టిక్కర్ ఈరోజే ఆపండి. దాని బదులు కుంకుమా వద్దు, అందులో కలిపే రంగులు కొందరికి పడవు. కొన్ని నెలలు నుదురు ఖాళీగా వదిలేయండి, సంబంధం చూడవచ్చేవాళ్లు ఏమనుకున్నా సరే. మందుతో రంగు తిరిగి రావచ్చు, ఆలస్యం కావచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా. మరోచోట కొత్త మచ్చ కనిపిస్తే వెంటనే చూపించండి.

ప్రశ్న: నాన్నగారికి 66. మూడు రోజులు కుడి ఛాతీ కింద మంట, నొప్పి. గుండె అనుకుని ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. ఈరోజు పొద్దున అక్కడే నీటి పొక్కులు లేచాయి. అక్కి అంటూ ఊళ్లో ఎర్రమట్టి రాయిస్తున్నారు.

జవాబు: పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదని ఫోన్‌లోనే జవాబు చెప్పేశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవాళ్లు పేరు సరిగ్గానే చెప్పారు. ముందు నొప్పి, తర్వాత పొక్కులు, అదీ ఒంటికి ఒకే పక్క పట్టీలా వస్తే చాలావరకు అక్కే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని మళ్లీ లేస్తుంది. మట్టి చల్లగా ఉంటుందేమో గానీ వైరస్‌ను ఆపదు, పొక్కులు చితికితే చీమూ పట్టొచ్చు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆటలమ్మ రాని గర్భిణులనూ పసిపిల్లలనూ ఆయనకు దూరంగా ఉంచండి. ముక్కు కొన మీదగానీ కంటి చుట్టూగానీ ఒక్క పొక్కు లేచినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.