లావు తిట్టు ఎప్పుడైంది?

సందేహం: మా పాప ఎనిమిదో తరగతి. క్లాసులో అందరూ 'ఏయ్ లావూ' అని పిలుస్తున్నారని రోజూ ఏడుస్తోంది. బడిలో చెబితే 'ఉన్నమాటే కదండీ' అన్నారు. లావు తిట్టా, మామూలు మాటా? బదులుగా ఊబకాయం అనొచ్చా?

సమాధానం: పుట్టుకతో లావు తిట్టు కాదండీ. దాని పాత అర్థం బలం. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు 'లావొక్కింతయు లేదు' అని మొరపెట్టుకుంటాడు. అంటున్నది ఏనుగు, అంటే సత్తువ రవ్వంత కూడా మిగల్లేదని గానీ ఒళ్ళు తగ్గిపోయిందని కాదు. సుమతీ శతకంలో 'లావుగలవాని కంటెను' అన్నచోటా కండబలం ఉన్నవాడనే. తెలంగాణలో దొడ్డు చూడండి, బియ్యమైనా మనిషైనా లావుగా ఉంటే దొడ్డే, కానీ దొడ్డ మనసు అంటే గొప్ప మనసు.

అయితే మన నుడికారంలో రెండో వైపూ ఉంది, అది నాకు బాధగానే ఉంటుంది. పొగరుబోతుని చూసి 'ఒళ్ళు బలిసింది', 'కొవ్వెక్కింది' అంటాం. పొగరుకీ కొవ్వుకీ ముడి పెట్టేశాం. చిన్నప్పటి నుంచీ ఇవే చెవిన పడుతుంటే, లావుగా కనబడ్డవాళ్ళంతా తిని కూర్చునేవాళ్ళు, ఒళ్ళు వంచనివాళ్ళు అని అనుకోకుండా ఎలా ఉంటారు? థైరాయిడ్ వల్లా, కొన్ని మందుల వల్లా, వంశాన్ని బట్టీ కూడా బరువు పెరుగుతారని ఆ క్షణాన ఎవరికీ గుర్తుకురాదు.

ఇక మీ పాప సంగతి. 'లావుగా ఉంది' అంటే ఆ పిల్ల గురించి ఒక విషయం చెప్పడం, ఆ పిల్ల బాగా చదువుతుందనో బొమ్మలు వేస్తుందనో చెప్పినట్టే. ఆ 'గా' తీసేసి 'లావూ' అని పిలిచారంటే, పేరు పీకేసి ఒంటినే పేరుగా పెట్టారన్నమాట. 'కుంటోడా' అని పిలవడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. కాబట్టి 'ఉన్నమాటే' అన్న జవాబు చెల్లదు.

ఊబకాయం డాక్టర్ల మాట, దాన్ని ఆస్పత్రి చీటీలోనే ఉండనివ్వండి. పిల్లని అలా అంటే జబ్బు పేరు అంటగట్టినట్టవుతుంది. వ్యాసాల్లో రాయాల్సొస్తే 'ఊబకాయులు' కంటే 'ఊబకాయం ఉన్నవాళ్ళు' మేలు. 'బొద్దుగా' ముద్దుమాటే, కానీ చంటిపిల్లలకి నప్పినట్టు ఈ వయసు ఆడపిల్లకి నప్పకపోవచ్చు, తననే అడగండి.

బడికి మాత్రం మళ్ళీ వెళ్ళండి. క్లాసులో పాపని పేరు పెట్టే పిలవాలని టీచరు చేతే పిల్లలకి చెప్పించండి.