సంక్రాంతికి ఊరు వస్తారు సరే, ఆపద డబ్బు ఏదండీ?

ప్రశ్న: నా వయసు 24. టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. మొదటి ఏడాది అయింది, వచ్చే మే నెలలో కోర్సు పూర్తవుతుంది. ఇంటి కాగితాలు పెట్టి బ్యాంకులో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇప్పటికి 30 లక్షలు, వడ్డీ 10 శాతం. క్యాంపస్ ఉద్యోగంలో ఖర్చులు పోను నెలకు 250 డాలర్లు మిగులుతున్నాయి. ఖాతాలో 3,400 డాలర్లు ఉన్నాయి. మా మామ్మకు 81 ఏళ్లు, అంబాజీపేట దగ్గర పల్లెలో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా 'పండక్కి వస్తావా నాన్నా' అని అడుగుతోంది. డిసెంబరు 20న బయల్దేరి, సంక్రాంతి చేసుకుని, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి జనవరి 17న తిరిగి వెళ్లాలని ఉంది. టికెట్ 1,750 డాలర్లు. మిగిలింది బంధువులకు తీసుకెళ్లే వస్తువులకు పెడతాను. ఊళ్లో ఖర్చులకు నాన్న తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెస్తానంటున్నారు. ఉద్యోగం రాగానే తీర్చేస్తాను. ఈ ప్లాన్ సరైనదేనా? నా ఖర్చుల షీటు జతచేశాను.

జవాబు: మీ షీటు రెండుసార్లు చదివాను. 23 వరసలున్నాయి. నాన్నగారికి ఫోను, బాబాయి గారి అబ్బాయికి టాబ్లెట్, మేనత్త గారికి హ్యాండ్‌బ్యాగు, పక్కింటివారికి చాక్లెట్లు, వారం రోజులకు అద్దె కారు, విశాఖలో రెండు రాత్రులు హోటలు, తిరుపతి ప్రయాణం, అందరికీ కొత్త బట్టలు. దేనికెంతో కూడా చక్కగా వేశారు. అన్నిటికంటే కింది వరసలో 'ఎమర్జెన్సీ' అని రాసి, దాని ఎదురుగా అంకె వేయాల్సిన చోట 'క్రెడిట్ కార్డు, లిమిట్ 2,000' అని రాశారు.

ఆ ఒక్క వరస కోసమే మీ ఉత్తరం ఎంచుకున్నాను. విదేశాల్లో చదివే పిల్లల లెక్కల్లో నాకు పదేపదే కనిపించే తప్పు ఇదే. క్రెడిట్ కార్డు ఆపద డబ్బు కాదు. ఆపద వచ్చిన రోజున దాని నెత్తిన ఇంకో ఆపద పెట్టే అప్పు అది.

మామ్మగారి వయసు 81 అని మీరే రాశారు. నాన్నగారి వయసు ఉత్తరంలో లేదు కానీ షీటులో ఉంది, 57. పండగ చేసుకుని జనవరిలో వెనక్కి వెళ్లారనుకుందాం. మార్చిలో ఒక రాత్రి ఇంటినుంచి ఫోన్ వచ్చిందనుకోండి, ఆ మర్నాడే బయల్దేరాలి. టికెట్ ఆ రోజు ఎంతుంటే అంతా పెట్టాలి, బేరం ఉండదు. ఖాతాలో చూస్తే జనవరి, ఫిబ్రవరి నెలల్లో మిగిలిన 500 డాలర్లు మాత్రమే ఉంటాయి. కార్డు మీద టికెట్ కొనేస్తారు. లిమిట్ దాదాపు అక్కడితో అయిపోతుంది. తిరిగొచ్చాక అద్దె కట్టడానికి ఏముంటుంది? ఈ కథ ఇలాగే జరిగిన ఒకబ్బాయిని నేనెరుగుదును. సరదాగా ఇంటికి వచ్చి వెళ్లిన మూడు నెలలకే తండ్రికి పక్షవాతం వచ్చింది. టికెట్ డబ్బు రూమ్మేట్లు తలా కొంత వేసి ఇస్తే వచ్చాడు. ఆస్పత్రి కారిడార్లో కూర్చుని, ఎవరికెంత ఇవ్వాలో ఫోనులో రాసుకుంటున్నాడు. తండ్రి మంచం పక్కన ఉండాల్సిన పిల్లాడి మనసు అప్పుల మీద ఉంది. ఆ దృశ్యం చూసినప్పటినుంచి ఈ విషయంలో నేను మొహమాటపడటం మానేశాను.

సంతోషంగా వచ్చే ప్రయాణం డబ్బు వేరు, ఆపదలో పరుగెత్తుకొచ్చే ప్రయాణం డబ్బు వేరు. రెండోది చేతిలో ఉంటేనే మొదటిదానికి టికెట్ కొనాలి. మీరు రెండోదాన్ని తీసి మొదటిదానికి వాడేస్తున్నారు.

మీకు ఆపద డబ్బు ఎంత కావాలో చూద్దాం. ఉన్నపళంగా రానూపోనూ టికెట్‌కు 1,600. మీ షీటు ప్రకారం అద్దె, తిండి కలిపి నెలకు 700, కనీసం రెండు నెలలకు 1,400. మొత్తం 3,000. ఇక్కడ ఉద్యోగం చేసుకునేవారికైతే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. విద్యార్థి కాబట్టి రెండు నెలలతో సరిపెడుతున్నాను, ఇంతకంటే తగ్గించను. ఈ డబ్బు రోజూ వాడే ఖాతాలో ఉండకూడదు. వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, దాని డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోకండి.

మే నెల సంగతి మీరు ఆలోచించినట్టు లేదు. కోర్సు అయిపోగానే క్యాంపస్ ఉద్యోగం కూడా పోతుంది. ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఆ రోజుల్లో జీతం రాదు, అద్దె మాత్రం ఆగదు. ఓపీటీ దరఖాస్తు రుసుమే వందల డాలర్లు. అంటే మీ ఆపద డబ్బుకు అసలు పరీక్ష వచ్చే వేసవిలో ఉంది. 'ఉద్యోగం రాగానే తీర్చేస్తాను' అని రాశారు. ఆ ఉద్యోగం జూన్‌లో వస్తుందో ఆగస్టులో వస్తుందో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. తేదీ తెలియని జీతాన్ని నమ్ముకుని తేదీ తప్పని అప్పు చేయకూడదు.

ఇక నాన్నగారి రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000. అసలు అలాగే ఉంటుంది. మీ బ్యాంకు లోన్ మీద ఇప్పటికే నెలకు 25,000 వడ్డీ పేరుకుంటోంది. మారటోరియం, అంటే చదువయ్యేదాకా వాయిదాలు కట్టక్కర్లేని గడువు, ఉంది కాబట్టి మీకు కనిపించడం లేదు, అంతే. ఇల్లు తాకట్టులో ఉంది. నాన్నగారికి రిటైర్మెంటు మూడేళ్లలో ఉంది. ఇన్ని ఉండగా అద్దె కారు కోసం, హోటలు గది కోసం ప్రామిసరీ నోటు రాయడమా? ఆయనకు ఫోన్ చేసి ఈ మాట గట్టిగా చెప్పండి. పిల్లాడు ఏడాది తర్వాత వస్తున్నాడంటే తండ్రికి చేయాలనే ఉంటుంది, తప్పు పట్టను. కానీ వద్దని చెప్పాల్సింది మీరే, ఆయనంతట ఆయన ఆగరు. అమ్మగారి గాజులు తాకట్టు పెట్టడం, టికెట్‌ను వాయిదాల మీద కొనడం లాంటి ఆలోచనలుంటే వాటినీ ఇక్కడితో వదిలేయండి.

ఇదంతా చదివి, రావద్దంటున్నాననుకోకండి. మీరు రావడానికి ఈ సంక్రాంతే సరైన సమయం. కోర్సు అయ్యాక ప్రయాణం కష్టమవుతుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా దేశం దాటితే తిరిగి ప్రవేశం దగ్గర ఇబ్బంది రావచ్చు, బయట గడిపిన రోజులు కూడా ఆ 90లోకే వెళతాయి. ఉద్యోగం వస్తే కొత్తలో నెల రోజులు సెలవు ఎవరిస్తారు? పైగా మామ్మగారి వయసు. కాబట్టి రండి, అప్పు లేకుండా రండి.

దారి ఉంది. ఉన్న 3,400లో 3,000 ఈ రోజే వేరే ఖాతాలోకి మార్చండి. మిగిలేది 400. ఇప్పుడు వేసవి సెలవులు కాబట్టి క్యాంపస్ ఉద్యోగానికి వారానికి 20 గంటల పరిమితి ఉండదు. తరగతులు మొదలయ్యేదాకా పూర్తి గంటలు చేయవచ్చు. లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో అదనపు గంటలు అడగండి, మీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఒకసారి నిర్ధారించుకోండి. ఈ రెండు నెలలు నెలకు 600 మిగిల్చగలిగితే 1,200 వస్తాయి. పాత 400తో కలిపి 1,600. టికెట్‌కు ఇంకా 150 తక్కువ. సెప్టెంబరులో మిగిలే 250తో ఆ లోటు తీరి 100 చేతిలో ఉంటాయి. నాలుగు రోజులు అటూ ఇటూ తేదీలు మార్చి చూస్తే టికెట్ కొంత తగ్గవచ్చు కూడా. సెప్టెంబరు చివరికి ఈ లెక్క కుదిరితే టికెట్ కొనండి. కుదరకపోతే ఆ 3,000 ముట్టుకోకుండా ఆగండి.

క్యాంపస్ బయట నగదుకు పనిచేసి ఆ లోటు పూడుద్దామని ఎవరైనా చెబితే వినకండి. వీసా స్టేటస్ పోతే 30 లక్షల లోన్ మాత్రం మిగిలి, చదువు సగంలో ఆగుతుంది. ఇంతకంటే పెద్ద రిస్కు మీ జీవితంలో ఇప్పుడు ఇంకొకటి లేదు.

ఆ 100 డాలర్లే మీ బహుమతుల బడ్జెట్. అమెరికా నుంచి చేతులూపుకుంటూ వచ్చాడని ఎవరో ఒకరు అనొచ్చు. ఆ మాట పడటానికి అయ్యే ఖర్చు సున్నా. చుట్టాలకు చాక్లెట్లు చాలు. నాన్నగారి ఫోను మీ మొదటి జీతంతో కొనండి. షీటులో మామ్మగారి పేరు ఎదురుగా స్వెటర్ అని రాశారు. అది ఉంచండి.

ఊళ్లో ఖర్చు కూడా మీరు వేసినంత అవసరం లేదు. హైదరాబాదు నుంచి రాజమండ్రి దాకా గోదావరి గానీ, గౌతమి గానీ ఎక్కండి. అక్కడినుంచి రావులపాలెం మీదుగా బస్సులో కోనసీమలోకి దిగిపోవచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. పండగ రోజుల బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఆ తేదీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. తిరుగు ప్రయాణానిది మరీ ముఖ్యం. కనుమ దాటాక హైదరాబాదు వైపు ప్రైవేటు బస్సుల రేట్లు విపరీతంగా పెంచేస్తారు. జనవరి 17న మీ విమానం కాబట్టి 16 రాత్రి బెర్తు దొరక్కపోతే మీ పొదుపంతా ఆ ఒక్క రాత్రిలోనే పోతుంది. ప్రభల తీర్థం చూసి నేరుగా స్టేషనుకు వెళ్లేలా చూసుకోండి. విశాఖ, తిరుపతి ఈసారి మానుకోండి. అమ్మగారికి మొక్కు ఉందని షీటులో రాశారు, ఉద్యోగం వచ్చాక తీర్చుకోవచ్చు. బాబాయి గారినే పండక్కి ఊరు రమ్మంటే విశాఖ వెళ్లే పనే ఉండదు. నాన్నగారు అప్పు కాకుండా తన జీతంలోంచి పాతిక వేలు పెట్టగలిగితే పెట్టనివ్వండి, ఈ ప్రయాణాలకూ పండగకూ అవి సరిపోతాయి.

ఇన్సూరెన్సు గురించి రెండు మాటలు. యూనివర్సిటీ ఇచ్చిన హెల్త్ పాలసీ ఇండియాలో ఉన్న నాలుగు వారాలకు పనిచేస్తుందో లేదో పాలసీ కాగితం చదివి తెలుసుకోండి. మీ లోన్‌లో నాన్నగారు సహ రుణగ్రహీత కాబట్టి, ఆ లోన్‌కు సరిపడా మీ పేరున టర్మ్ కవర్ (మీకేమైనా అయితే ఇంటివారికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో కూడా చూడండి. లోన్‌తోపాటు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఒకటి ఉండే ఉంటుంది, అది ఎంతకు, ఎన్నేళ్లకు అనేది చాలామందికి తెలియదు. క్రెడిట్ కార్డును టికెట్ కొనడానికి వాడవచ్చు, ఖాతాలో డబ్బు ఉంచుకుని, బిల్లు రాగానే మొత్తం కట్టేసేలా అయితేనే. కార్డుతో నగదు మాత్రం ఎప్పుడూ తీయకండి. దానికి ఫీజు వేరు, వడ్డీ మొదటి రోజునుంచే.

టికెట్ కొనేముందు పాస్‌పోర్టులో వీసా గడువు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ప్రయాణ సంతకం చూసుకోండి. మీలాంటి విద్యార్థికి ఆ సంతకం ఏడాది పాటు చెల్లుతుంది. గడువు దాటి ఉంటే ఆఫీసు సెలవులకు ముందే కొత్తది తీసుకోండి. వీసా మళ్లీ స్టాంపింగ్ చేయించుకోవాల్సి ఉంటే మాత్రం ఈ ప్రయాణం గురించి మళ్లీ ఆలోచించాలి. ఫీజు ఒక్కటే కాదు, ఇంటర్వ్యూ తేదీ ఆలస్యమైతే ఒక సెమిస్టరే పోతుంది.

తేదీ మార్చుకునే వీలున్న టికెట్ పది ఇరవై డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. ఆ 3,000 జనవరిలో తిరిగి వెళ్లాక కూడా అలాగే ఉండాలి, ఓపీటీ ఖర్చుల కోసం నెలనెలా మిగిలే 250 దానికి కలుపుతూ పోవాలి. ఇంకొక్క మాట. వస్తున్నానని మామ్మగారికి ఇప్పుడే చెప్పేయకండి. సెప్టెంబరు చివర్లో టికెట్ చేతికి వచ్చాక చెప్పండి.